పళ్ళ ఎక్స్‌రేకు ఎలా సిద్ధం కావాలి, ఎలా నిలబడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ నల్లగొండలో మా ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు రోజూ అడిగే ప్రశ్నలు. కొన్ని పేషెంట్లవి, కొన్ని వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన కొడుకులు, కోడళ్ళవి. ఇంకొన్ని క్లినిక్‌లలో కొత్తగా చేరిన అసిస్టెంట్ పిల్లలవి. అందరికీ కలిపి ఒక్క మాట ముందే చెప్తాను. మొదటిసారే సరిగ్గా వచ్చిన ఎక్స్‌రేనే సురక్షితమైన ఎక్స్‌రే. ఏప్రన్ గురించి, మెషీన్ కంపెనీ గురించి అందరూ అడుగుతారు. కమ్మలు తీయడం, గదుమ సరిగ్గా పెట్టడం, కదలకుండా ఉండడం గురించి అడిగేవాళ్ళు తక్కువ. రెండోసారి తీయాల్సి వచ్చేది మాత్రం ఎక్కువగా వీటివల్లే.

ఒక డాక్టర్ ‘ఐఓపీఏ’ అని రాశారు, ఇంకో డాక్టర్ ‘ఓపీజీ’ అన్నారు. రెండూ పళ్ళ ఎక్స్‌రేలే కదా, తేడా ఏంటి?

ఐఓపీఏ అంటే నోట్లో చిన్న ఫిల్మ్ గానీ సెన్సార్ గానీ పెట్టి రెండు మూడు పళ్ళకు మాత్రమే తీసేది. రూట్ కెనాల్‌కు, ఒక పంటి నొప్పికి ఇది చాలు. ఇదే కంప్యూటర్ సెన్సార్‌తో తీస్తే ఆర్‌వీజీ అంటారు. ఓపీజీలో నోట్లో సెన్సార్ ఏమీ పెట్టరు. మీరు నిలబడితే మెషీన్ తల చుట్టూ తిరిగి రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే బొమ్మలో చూపిస్తుంది. జ్ఞానదంతాలకు, దవడ ఎముక విరిగిందేమో చూడడానికి, క్లిప్పులు పెట్టేముందు, పళ్ళ సెట్ కట్టేముందు ఇది రాస్తారు. సీబీసీటీ అనేది మూడో రకం, పళ్ళను, దవడ ఎముకను మూడు వైపుల నుంచీ (త్రీడీలో) చూపించే స్కాన్. దాని సంగతి కింద ఉంది.

పరగడుపున రావాలా?

అక్కర్లేదు. పళ్ళ ఎక్స్‌రేకు ఉపవాసంతో పనిలేదు. షుగర్ ఉన్నవాళ్ళు అసలే ఖాళీ కడుపుతో రావద్దు. మర్రిగూడ నుంచో, దేవరకొండ నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, లైన్లో కూర్చుని, ఓపీజీ మెషీన్ దగ్గర నిలబడగానే కళ్ళు తిరిగేది ఇలా తినకుండా వచ్చిన పెద్దవాళ్ళకే. టిఫిన్ తినండి, మందులు వేసుకోండి. వాంతి వచ్చినట్టుండే స్వభావం ఉన్నవాళ్ళు మాత్రం కడుపు నిండా తిన్న వెంటనే రాకుండా ఒకటి రెండు గంటలు ఆగి రండి. పళ్ళు తోముకుని, నోరు పుక్కిలించి రండి. తంబాకు, వక్కపొడి నోట్లో ఉంటే ఉమ్మేసి కడుక్కోండి.

రేడియేషన్ ఎంత ఉంటుంది? క్యాన్సర్ వస్తుందా?

భయం సహజమే, కాబట్టి అంకెలతోనే చెప్తాను. గాలి, నేల, ఆకాశం, తినే తిండి నుంచి మనిషికి ఏ ఎక్స్‌రే తీయకపోయినా సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. ఇది ప్రపంచ సగటు. నోట్లో సెన్సార్ పెట్టి తీసే ఒక ఎక్స్‌రేలో వచ్చేది దాదాపు 0.005 మిల్లీసీవర్ట్. అంటే ఒక రోజు ప్రకృతి నుంచి అందేదాని కన్నా తక్కువే. ఓపీజీలో మెషీన్‌ను బట్టి 0.01 నుంచి 0.03 దాకా ఉంటుంది, రెండు నుంచి నాలుగైదు రోజుల లెక్క అనుకోండి. సీబీసీటీ మాత్రం వేరే లెక్క. ఎంత భాగం తీస్తున్నారన్న దాన్ని బట్టి ఓపీజీకి కొన్ని రెట్ల నుంచి పదుల రెట్ల దాకా పోవచ్చు.

1896 జనవరిలో జర్మనీలో ఓటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే తొలి ఎక్స్‌రే తీసుకున్నాడు. రాంట్‌జెన్ ఎక్స్ కిరణాల సంగతి లోకానికి చెప్పి అప్పటికి కొద్ది వారాలే. ఆ ఒక్క బొమ్మ కోసం ఆయన 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు. ఇప్పుడు డిజిటల్ సెన్సార్‌తో అదే పని సెకనులో మూడో వంతు కూడా పట్టదు. రిస్క్ సున్నా అని నేను అనను. చాలా చిన్నది. అవసరం ఉన్నప్పుడు తీయించకపోతే జరిగే నష్టం దానికన్నా చాలా పెద్దది. దవడ లోపల చీము ఎంతవరకు పోయిందో బయటినుంచి ఎవరికీ కనపడదు కదా.

లెడ్ ఏప్రన్ వేయలేదు. మోసం చేశారా?

మోసం కాకపోవచ్చు. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పళ్ళ ఎక్స్‌రేలకు పేషెంట్‌కు లెడ్ ఏప్రన్, మెడకు థైరాయిడ్ కాలర్ ఇక అక్కర్లేదని చెప్పింది. ఇప్పటి మెషీన్లలో కిరణం సన్నగా, సూటిగా పోతుంది. ఏప్రన్ వల్ల కలిగే అదనపు లాభం దాదాపు ఏమీ లేదని, పైగా అది కిరణానికి అడ్డొస్తే ఎక్స్‌రే మళ్ళీ తీయాల్సి వస్తుందని వాళ్ళ వాదన. మన దగ్గర ఏప్రన్ వేసే పద్ధతి ఇంకా కొనసాగుతోంది. వేస్తే తప్పేమీ లేదు, మీరు అడిగితే తప్పకుండా వేస్తారు.

ఒక్క జాగ్రత్త ఉంది. ఓపీజీ తీసేటప్పుడు మెడకు కాలర్ కట్టకూడదు. కిరణం మెడ వెనక నుంచి కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి కాలర్ నీడ సరిగ్గా కింది దవడ మీద పడుతుంది. ఓపీజీకి ఏప్రన్ వేసినా వీపు వైపు మెడ మీదికి ఎక్కకుండా కిందికి ఉండాలి.

నగలు తీయకపోతే ఏమవుతుంది? పుస్తెలతాడు కూడా తీయాలా?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, మా గదిలో ఎక్కువ సమయం పోయేది ఇక్కడే.

చిన్న ఐఓపీఏకు అయితే పెద్దగా ఇబ్బంది లేదు. కళ్ళద్దాలు, తీసి పెట్టే పళ్ళ సెట్టు, ముఖం మీద అడ్డొచ్చే నగ తీస్తే చాలు. ఓపీజీకి, సీబీసీటీకి మాత్రం మెడ పైన ఉన్న లోహమంతా తీయాలి. కమ్మలు, జూకాలు, మాటీలు, ముక్కుపుల్ల, జడ పిన్నులు, సవరం కట్టిన క్లిప్పులు, గొలుసులు, కళ్ళద్దాలు, వినికిడి మిషన్, కట్టుడు పళ్ళు.

‘చెవిలో ఉన్నది పళ్ళకు ఎట్ల అడ్డమొస్తది’ అని అడుగుతారు. మెషీన్ తల చుట్టూ తిరుగుతుంది కాబట్టి కుడి చెవి కమ్మ కుడివైపు ఒకసారి తెల్లగా పడుతుంది. అంతటితో ఆగదు. ఎడమ వైపు, కాస్త పైన, ఇంకా పెద్దగా, మసక మసకగా రెండోసారి పడుతుంది. రెండు చెవులకూ ఉంటే ఇటు నీడ అటు, అటు నీడ ఇటు. ఆ తెల్లటి మచ్చ వెనక పన్ను ఉందో, పుచ్చు ఉందో, గడ్డ ఉందో ఏ డాక్టరూ చెప్పలేరు. బంగారం ఎంత లావుంటే నీడ అంత చిక్కన.

పుస్తెలతాడు సంగతి. దాన్ని తీయమనడం మా అక్కలకు, అమ్మలకు ఎంత కష్టమో మాకు తెలుసు. పసుపుతాడు అయితే అసలు తీయక్కర్లేదు. దారం ఎక్స్‌రేలో కనపడదు, పుస్తెలు ఛాతీ మీద ఉంటాయి కాబట్టి కిరణం దారిలోకి రావు. బంగారు గొలుసుకు కట్టినవైతే మెడ వెనక భాగంలో ఉన్న గొలుసే సమస్య. పొడవుగా ఉంటే వెనక వైపు జాకెట్ లోపలికి, వీలైనంత కిందికి జరుపుతాం. నల్లపూసలు మెడకు బిగుతుగా ఉంటే తీయాల్సిందే. కొందరు ఇంటి దగ్గరే మెడలో పసుపుతాడు వేసుకుని, గొలుసు తీసి పెట్టి వస్తారు. అది అన్నిటికన్నా మంచి పద్ధతి. బస్టాండ్ నుంచి సెంటర్ దాకా బంగారం సంచిలో పెట్టుకుని తిరిగే టెన్షన్ కూడా ఉండదు.

ఏళ్ళ తరబడి తీయని ముక్కుపుల్ల కొందరు అవ్వలకు రాదు. లాగి, పిండి, రక్తం వచ్చేదాకా ప్రయత్నించవద్దు. చూడాల్సింది వెనక పళ్ళైతే అలాగే ఉంచి తీసి, రిపోర్టు మీద ‘ముక్కుపుల్ల తీయలేదు’ అని రాయాలి. పై ముందు పళ్ళే చూడాల్సి ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేసి చిన్న ఫిల్మ్ సరిపోతుందేమో అడగాలి.

బుర్ఖా, హిజాబ్ వేసుకునేవాళ్ళు బట్ట తీయాల్సిన పని లేదు, గదుమ కింద, చెవుల దగ్గర ఉన్న పిన్నులు తీస్తే చాలు. బట్ట మందంగా ముడతలు పడి గదుమ సరిగ్గా కూర్చోకపోతే, లోపల ఆడ అసిస్టెంట్‌ను ఉండమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

తీసిన నగలు అసిస్టెంట్ చేతికి ఇవ్వకండి. మీతో వచ్చిన మనిషికే ఇవ్వండి. ఒంటరిగా వస్తే మీ సంచిలోనే, మీ కళ్ళ ముందే పెట్టుకోండి.

గర్భిణికి పళ్ళ ఎక్స్‌రే తీయవచ్చా?

నెల తప్పిందన్న అనుమానం ఉన్నా సరే, గదిలోకి వెళ్ళేముందు చెప్పండి. అత్తగారి ముందు, వదిన ముందు చెప్పడం ఇబ్బందైతే లోపలికి వచ్చాక చెప్పండి. అసిస్టెంట్లు కూడా ఈ ప్రశ్న అందరి ముందూ గట్టిగా అడగొద్దు.

అవసరం ఉంటే తీయవచ్చు. కిరణం పోయేది దవడ వైపు, కడుపు వైపు కాదు. బిడ్డకు చేరే మోతాదు లెక్కలోకి రానంత చిన్నది. చీము పట్టి జ్వరం వస్తుంటే ఎక్స్‌రే ఆపి, నొప్పి మందుల మీద నెలలు గడపడం తల్లికీ బిడ్డకూ మంచిది కాదు. క్లిప్పుల కోసమో, ఎప్పుడో తీయబోయే జ్ఞానదంతం కోసమో అయితే కాన్పు అయ్యాక తీయించుకోవచ్చు. పాలిచ్చే తల్లులకు ఏ అడ్డూ లేదు. ఎక్స్ కిరణాలు ఒంట్లో నిలవ ఉండవు, పాలల్లోకి రావు.

ఓపీజీ మెషీన్ దగ్గర ఎలా నిలబడాలి?

వరుసగా చెప్తాను, ఇంటి దగ్గర అద్దం ముందు ఒకసారి చేసి చూస్తే ఇంకా మంచిది.

మెషీన్ ముందుకు వచ్చి రెండు చేతులతో హ్యాండిళ్ళు పట్టుకోండి. వీపు నిటారుగా పెట్టి, మెడ పైకి సాగదీసి, పాదాలు మాత్రం అర అడుగు ముందుకు వేయండి. వెనక్కి పడిపోతున్నట్టు అనిపిస్తుంది. అదే సరైన పద్ధతి. మామూలుగా నిలబడితే మెడ ముందుకు వంగుతుంది, వెన్నుపూసల తెల్లటి నీడ సరిగ్గా ముందు పళ్ళ మీద పడుతుంది.

గదుమ పలక మీద పెట్టి, ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కడ్డీని ముందు పళ్ళతో కొరికి పట్టుకోవాలి. కడ్డీ మీద ఒక గాడి ఉంటుంది. పై పళ్ళ అంచులు, కింది పళ్ళ అంచులు రెండూ ఆ గాడిలోనే ఉండాలి. మామూలుగా పళ్ళు కలిపితే పై పళ్ళు కాస్త ముందుకు ఉంటాయి కాబట్టి కింది దవడను కొంచెం ముందుకు తేవాలి. ముందు పళ్ళు లేనివాళ్ళకు కడ్డీకి బదులు గదుమ ఆనించే పలకతో సరిచేస్తారు.

తర్వాత టెక్నీషియన్ ముఖం మీద లైటు గీతలు వేస్తాడు. ఒకటి ముక్కు మధ్య నుంచి నిలువుగా, ఇంకొకటి కంటి కింది ఎముక నుంచి చెవి రంధ్రం దాకా అడ్డంగా. ఆ అడ్డ గీత నేలకు సమానంగా ఉండాలి. తల రెండు వైపులా సపోర్ట్ బిగుస్తుంది, నొప్పి ఉండదు.

పెదవులు మూయండి. ఇప్పుడు ఉమ్ము మింగండి. మింగినప్పుడు నాలుక అంగిలికి ఎక్కడ తగిలిందో అక్కడే మొత్తం అంటించి ఉంచండి. నూటికి ఎక్కువ మంది మరిచిపోయేది ఇదే. నాలుక కిందికి జారితే పైన గాలి నిండుతుంది, పై పళ్ళ వేర్ల మీద నల్లటి పట్టీ పడుతుంది. వేర్ల చివర చీము ఉందో లేదో ఆ నలుపులో కలిసిపోతుంది.

మెషీన్ తిరగడానికి సుమారు 12 నుంచి 20 సెకన్లు. ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకోండి. మింగకండి, మెషీన్ వెంట కళ్ళు తిప్పకండి. మా దగ్గర పెద్దవాళ్ళకు చెప్పే మాట ఇది: ‘అవ్వా, కండ్లు మూస్కో. మిషిన్ నీ సుట్టు తిరుగుతది, నిన్ను తాకది. నేను అయిపోయింది అనేదాంక కదలకు.’ ఇంతే చెప్పి, ఒకసారి కిరణం లేకుండా మెషీన్ తిప్పి చూపిస్తే సగం భయం పోతుంది.

భుజాలు వెడల్పుగా, మెడ పొట్టిగా ఉన్నవాళ్ళకు తిరిగే భాగం భుజానికి తగిలి ఆగిపోవచ్చు. అందుకే ఆ ఉత్తుత్తి తిప్పుడు ముందే చేసి చూడాలి. తగిలితే చేతులు హ్యాండిళ్ళ మీద అడ్డంగా మార్చి పట్టుకోమంటే భుజాలు కిందికి దిగుతాయి.

నేను కొత్తగా చేరిన అసిస్టెంట్‌ను. బొమ్మ చూసి ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. గదుమ ఎక్కువ కిందికి దిగితే పళ్ళ వరుస బాగా వంగిన నవ్వులా వస్తుంది, కింది ముందు పళ్ళ వేర్లు మసకబారతాయి. గదుమ పైకి లేస్తే వరుస తిరగబడి ఏడుపు ముఖంలా అవుతుంది, అంగిలి ఎముక తెల్లగా పై పళ్ళ వేర్ల మీద పడుతుంది. గాడి కన్నా ముందుకు కొరికితే ముందు పళ్ళు సన్నగా పుల్లల్లా, వెనక కొరికితే వెడల్పుగా సాగినట్టు కనపడతాయి. ఒక వైపు పళ్ళు పెద్దగా, ఇంకో వైపు చిన్నగా ఉంటే తల పక్కకు తిరిగింది. మధ్యలో తెల్లటి స్తంభంలా వస్తే మెడ వంగింది. ఒక్కచోట మాత్రం అంచు మెట్టులా విరిగితే, ఆ క్షణంలో పేషెంట్ కదిలాడు.

ప్రతి తప్పూ మళ్ళీ తీయడానికి కారణం కాదు. డాక్టర్ అడిగిన భాగం స్పష్టంగా ఉంటే వదిలేయండి. బొమ్మ అందంగా లేదని పేషెంట్‌కు రెండో డోసు ఇవ్వడం న్యాయం కాదు.

మా నాన్నకు ఫ్లోరైడ్ వల్ల మెడ, నడుము బిగుసుకుపోయాయి. ఆయనకు ఓపీజీ ఎలా తీస్తారు?

ఈ ప్రశ్న వేరే జిల్లాల సెంటర్లకు అరుదు, మాకు కాదు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్ళలో దశాబ్దాల పాటు బోరు నీళ్ళు తాగిన పెద్దవాళ్ళు ఇప్పటికీ వస్తారు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మన దేశ ప్రమాణాల్లో ఆఖరి హద్దు. అంతకు మించి ఏళ్ళ కొద్దీ తాగితే ముందు చిన్నతనంలోనే పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, తర్వాత ఎముకలు చిక్కబడడం, కీళ్ళ చుట్టూ, వెన్నెముక పక్కన ఉన్న నరంలాంటి కట్లు గట్టిపడి ఎముకలా మారడం జరుగుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చాక పిల్లల పళ్ళకు మేలు జరిగింది గానీ, అప్పటికే బిగిసిన మెడ మళ్ళీ వంగదు.

మెషీన్‌కు నిటారు మనిషి కావాలి. ఆయన నిటారుగా నిలబడలేడు. ఇక్కడ మనిషిని మెషీన్‌కు సరిపోయేలా వంచడం తప్పు, మెషీన్‌నే ఆయనకు సరిపోయేలా దించాలి. నిలబెట్టకుండా స్టూలు మీద కూర్చోబెట్టండి. చాలా ఓపీజీ మెషీన్లు కుర్చీ ఎత్తుకు దిగుతాయి. ఆయన మెడ హాయిగా ఎంతవరకు లేస్తుందో అంతవరకే. గదుమను చేత్తో పైకి నెట్టడం, వెనక నుంచి నడుము మీద మోకాలు పెట్టి నిటారు చేయడం ఎవరూ చేయకూడదు. వెన్నెముక లోపల నరాల దారి ఇప్పటికే సన్నబడి ఉంటుంది. బలవంతం చేస్తే చేతులు, కాళ్ళకు ప్రమాదం. తిమ్మిరి, చేతుల్లో పట్టు తగ్గడం, నడకలో తూలడం ఉంటే ముందే చెప్పండి.

ఇంత చేసినా వెన్నుపూసల నీడ ముందు పళ్ళ మీద పడవచ్చు. అప్పుడు ఓపీజీ మళ్ళీ మళ్ళీ తీయకుండా, ముందు పళ్ళకు విడిగా ఒక చిన్న ఐఓపీఏ తీస్తే రెండూ కలిపి డాక్టర్‌కు పూర్తి సమాచారం అందుతుంది. కొందరిని కుర్చీలోనే ఉంచి అవసరమైన పళ్ళకు మాత్రం చిన్న ఫిల్ములు తీస్తే ఓపీజీ అవసరమే పడదు. రాసే డాక్టర్‌కు మెడ సంగతి చెప్పండి. ఆయన నోట్లోకే చూస్తాడు కాబట్టి అది తెలియకపోవచ్చు.

ఇంకొక మాట. పళ్ళ మీద మచ్చలు చూసి పిల్లలకు ఎక్స్‌రే తీయమని పట్టుబట్టే తల్లిదండ్రులు ఉంటారు. మచ్చలు కంటితో చూసి చెప్పేవే. పుచ్చు, నొప్పి, వాపు లేకపోతే వాటి కోసం ఎక్స్‌రే పని లేదు.

నోట్లో ఏది పెట్టినా వాంతి వస్తుంది. ఎలా?

ముందే చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముక్కుతో గట్టిగా, లెక్కపెట్టి ఊపిరి తీసుకోండి. సెన్సార్ నోట్లో ఉన్నంతసేపు ఒక కాలు గాలిలో ఎత్తి పట్టుకోమంటాం. మనసు కాలి మీదికి పోతుంది, గొంతు మీద నుంచి మళ్ళుతుంది. నాలుక చివర చిటికెడు ఉప్పు పెట్టినా చాలామందికి పని చేస్తుంది. అంతకూ కాకపోతే డాక్టర్ మత్తు స్ప్రే వాడతారు.

అసిస్టెంట్లకు: మెషీన్ కోణం, సమయం అన్నీ ముందే సెట్ చేసి, సెన్సార్ ఆఖరున పెట్టండి. ముందు పళ్ళతో మొదలుపెట్టి వెనక పళ్ళకు పోండి. సెన్సార్‌ను అంగిలి మీద రాస్తూ లోపలికి తోయకుండా, నాలుకకు పైన అడ్డంగా తీసుకెళ్ళి ఒక్కసారి చోటులో నిలపండి. తడబడుతూ ముట్టుకుంటేనే వాంతి ఎక్కువ.

కింది పన్నుకు తీసేటప్పుడు సెన్సార్ గుచ్చుకుంటుంది. తట్టుకోవాలా?

నోరు పూర్తిగా తెరిచి ఉంచితే నాలుక కింది కండరం బిగుసుకుని సెన్సార్ అంచు గుచ్చుకుంటుంది. సెన్సార్ పెట్టాక నోరు మెల్లగా మూస్తే ఆ కండరం వదులై, సెన్సార్ కిందికి దిగి కూర్చుంటుంది. సెన్సార్ పంటి మీద కన్నా నాలుక వైపు కొంచెం జరిగి ఉంటే మంచిది. ఇంకా నొప్పి ఉంటే చెయ్యెత్తండి. చెప్పకుండా తట్టుకుంటే చివరి క్షణంలో కదులుతారు, మళ్ళీ తీయాలి.

వేలితో ఫిల్మ్ పట్టుకోమన్నారు. అది సరైనదేనా?

పాత పద్ధతి, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. కిరణం దారిలో వేలు పడుతుంది, ఫిల్మ్ వంగుతుంది, పన్ను పొడవు తప్పుగా వస్తుంది. హోల్డర్ ఉంటే సెన్సార్, పన్ను, ట్యూబ్ ఒక వరుసలో కూర్చుంటాయి. హోల్డర్ ఉందా అని అడగండి. అసిస్టెంట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తన వేలితో పట్టుకోకూడదు. పేషెంట్‌కు ఏడాదికి ఒకటి రెండు, అసిస్టెంట్‌కు రోజూ.

గుట్కా వల్ల నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోదు. ఎక్స్‌రే ఎలా?

ఓపీజీకి నోరు పెద్దగా తెరవక్కర్లేదు, కడ్డీ పట్టేంత చాలు. అది కూడా పట్టకపోతే గదుమ ఆనించి తీస్తారు. నోరు అలా బిగుసుకుంటోందంటే ఎక్స్‌రే కన్నా ముఖ్యమైన విషయం ఉంది. గుట్కా ఈ రోజే మానండి, నోటి లోపల తెల్లబడి గట్టిపడిన చర్మాన్ని డాక్టర్‌కు చూపించండి. అది క్యాన్సర్‌కు దారి తీయగల జబ్బు.

మా బాబుకు ఐదేళ్ళు, మెషీన్ చూసి ఏడుస్తున్నాడు.

ఇంటి దగ్గర ‘అల్లరి చేస్తే సూది వేయిస్తా’ అని భయపెట్టకండి. పిల్లవాడు ఆ మాటతోనే మా గదిలోకి వస్తాడు. ‘నీ పళ్ళకు ఫోటో తీస్తారు, నువ్వు బొమ్మలా నిలబడాలి’ అని చెప్పండి. చిన్న పిల్లలకు పెద్దవాళ్ళ సెన్సార్ కాకుండా చిన్న సైజు ఫిల్మ్, దాదాపు 22 బై 35 మిల్లీమీటర్లది ఉంటుంది. మోతాదు కూడా తగ్గించాలి. పిల్లల ఒంటికి రేడియేషన్ ప్రభావం పెద్దల కన్నా ఎక్కువ, కాబట్టి ‘పిల్లల సెట్టింగ్ పెట్టారా’ అని అడిగే హక్కు మీకుంది.

పట్టుకోక తప్పకపోతే తల్లో, తండ్రో ఏప్రన్ వేసుకుని పట్టుకోవాలి. గర్భిణి పట్టుకోకూడదు. స్టాఫ్ పట్టుకోకూడదు. ఎంతకీ కుదరకపోతే ఆ రోజుకు ఆపేయడం మంచిది. బలవంతంగా తీసిన మసక బొమ్మ ఎవరికీ పనికిరాదు.

బైక్ మీద నుంచి పడి దవడ వాచింది. నేరుగా ఓపీజీకి తీసుకురావచ్చా?

తొందరపడకండి. జాతీయ రహదారి 65 మీద చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గరైనా, 44 మీద జడ్చర్ల దగ్గరైనా ప్రమాదంలో దవడ విరిగినవాళ్ళకు మెడ ఎముక కూడా దెబ్బతిని ఉండవచ్చు. మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిరి, స్పృహ తప్పడం, వాంతులు ఉంటే ముందు పెద్ద దవాఖానలో మెడ, తల చూపించాలి. అలాంటి మనిషిని నిలబెట్టి గదుమ పలక మీద పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడ పడుకోబెట్టి సీటీ తీస్తే దవడ కూడా కనపడుతుంది.

సీబీసీటీ ఎప్పుడు? ఎలా సిద్ధం కావాలి?

ఇంప్లాంట్‌కు ఎముక ఎంత ఉందో కొలవడానికి, జ్ఞానదంతం వేరు నరానికి తగులుతోందో చూడడానికి, వంకర వేర్ల రూట్ కెనాల్‌కు. మామూలు పుచ్చు పన్నుకు వద్దు. ఎక్కువగా కూర్చోబెట్టి, గదుమకు ఆనుడు, నుదుటికి పట్టీ పెడతారు. నగల నియమాలు ఓపీజీకి చెప్పినవే. కదిలితే మూడు వైపుల కొలతలూ తప్పుతాయి, కాబట్టి మింగడం కూడా ఆపాలి. ఒక పంటికి అయితే ఆ భాగానికే తీయమని డాక్టర్‌ను రాయమనండి.

మహబూబ్‌నగర్‌లో, నార్కట్‌పల్లిలో డెంటల్ కాలేజీలు ఉన్నాయి. కష్టమైన కేసును మళ్ళీ మళ్ళీ చిన్న క్లినిక్‌లో తీయించే బదులు ఓరల్ రేడియాలజీ విభాగం ఉన్న కాలేజీకి పంపడం మంచిది.

గుండెకు పేస్‌మేకర్ ఉంది.

ఎక్స్‌రేతో దానికి ఇబ్బంది లేదు. చెప్పి ఉంచండి, చాలు.

ఊళ్ళో క్యాంపులో చేతిలో పట్టుకునే మెషీన్‌తో తీశారు. అది ప్రమాదమా?

సరైన అనుమతి ఉన్న మెషీన్ అయితే కాదు. దాని ముందు గుండ్రటి అడ్డు ఉండాలి, తీసేవాళ్ళు దాన్ని వంచకుండా తిన్నగా పట్టుకోవాలి. చుట్టూ గుమిగూడి చూడడమే తప్పు. పేషెంట్ తప్ప మిగతావాళ్ళు కనీసం ఆరడుగుల దూరంలో, కిరణం పోయే వైపు కాకుండా పక్కకు నిలబడాలి. స్కూల్లో క్యాంపు పెడితే గోడ అవతల పిల్లలు కూర్చున్నారేమో కూడా చూసుకోవాలి. మన దేశంలో ఎక్స్‌రే మెషీన్లకు అనుమతి ఇచ్చేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. ఏ సెంటర్‌లోనైనా ఆ అనుమతి పత్రం చూపమని అడగవచ్చు.

ఒకే సెన్సార్ అందరి నోట్లో పెడతారు కదా, శుభ్రం సంగతి?

ప్రతి పేషెంట్‌కు కొత్త ప్లాస్టిక్ కవర్ మీ కళ్ళ ముందే తొడగాలి. ఓపీజీ కడ్డీకి కూడా. తొడగకపోతే అడగండి.

‘సరిగ్గా రాలేదు, మళ్ళీ తీయాలి’ అన్నారు. ఒప్పుకోవాలా?

ఎందుకు రాలేదో చూపించమనండి. కదిలారా, నగ అడ్డొచ్చిందా, పన్ను చివర తెగిపోయిందా? ఆ కారణాన్ని సరిచేశాకే రెండోది తీయించుకోండి. కారణం తెలియకుండా తీస్తే రెండోది కూడా అలాగే వస్తుంది. వేరే డాక్టర్ దగ్గరికి పోతే పాత ఎక్స్‌రే తీసుకెళ్ళండి. మొన్న తీసినది స్పష్టంగా ఉంటే కొత్తది అవసరం లేకపోవచ్చు.

బొమ్మలో ఎడమ పన్ను కుడివైపు కనపడుతోంది. తప్పు తీశారా?

తప్పు కాదు. ఎక్స్‌రేను మీకు ఎదురుగా నిలబడ్డ డాక్టర్ చూసినట్టు చూడాలి. బొమ్మలో మీకు ఎడమ చేతి వైపు ఉన్నది మీ కుడి దవడ, అక్కడ ‘ఆర్’ అక్షరం ఉంటుంది. ఫోన్‌లో ఫోటో తీసి, తిప్పి పంపితే ఆ అక్షరం తెగిపోతుంది, మంచి పన్ను మీద అనుమానం వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న డాక్టర్‌కు వాట్సాప్‌లో పంపాలంటే సెంటర్‌లో అసలు ఫైలు అడిగి తీసుకుని, ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు తగ్గి వేర్ల చివర్లు మసకబారతాయి. పేరు, వయసు, తేదీ ఫైలు మీద ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.